పాత .303, మార్టినీ, 1907 బాయ్‌నెట్: దసరా లోపు గుర్తులు రాసుకోవాలి, తుప్పు తీయాలి (చిత్తూరు)

కట్టమంచి_కిరణ్
అందరికీ నమస్కారం. అద్దాల బీరువాలో ఉన్న నాలుగు వస్తువులకు ఒక పట్టీ తయారు చేసి, ఆయుధపూజ లోపు శుభ్రం చేయాలి. ఉన్నవి ఇవి:

ఒకటి .303 బోల్ట్ రైఫిల్. బట్ సాకెట్ (భుజానికి ఆనించే కట్టె కూర్చునే ఉక్కు భాగం) కుడి పక్కన కిరీటం, కింద జీఆర్ఐ, ఇషాపూర్, 1942, నెం.1 మార్క్ 3 స్టార్ అని ఉంది. కట్టె మీద తెల్లరంగు పట్టీ జాడ ఉంది. లైసెన్సులో ఎక్కింది.

రెండోది కింద లివర్ ఉండే రైఫిల్, మార్టినీ-హెన్రీ అంటున్నారు. కిరీటం, వీఆర్, 1903.

మూడోది బాయ్‌నెట్, అంటే రైఫిల్ మూతికి తగిలించే కత్తి. బ్లేడు మొదట్లో 1907, తోలు ఒరలో ఉంది.

నాలుగోది మూతి వైపు నుంచి మందు దట్టించే పొడుగు తుపాకి. ఊళ్లో దీన్ని హైదరలీ తుపాకి అంటారు.

తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉంది. ఇసుక కాగితం పడితే పోతుందా? బట్ లోపలి ఇత్తడి నూనె సీసాను చింతపండుతో తోమొచ్చా? కట్టెకు వార్నిష్ వేయించమని ఒకరు చెప్పారు.

గన్‌కొట్టు_తిరుపతి
ఇసుక కాగితం, చింతపండు, వార్నిష్ మూడూ పక్కన పెట్టండి. అన్నిటికంటే ముందు నాలుగోదాని సంగతి చూడాలి.

గోడకు వేలాడే మందు తుపాకుల్లో మందు దట్టించి వదిలేసినవి ఇప్పటికీ దొరుకుతాయి. ఇలా కొలవండి. మూతి మీ వైపు గానీ, మనుషులున్న వైపు గానీ ఉండకూడదు. సన్నటి గుండ్రటి చెక్కపుల్లను గొట్టంలోకి తగిలేదాకా మెల్లగా దించి, మూతి దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. పుల్ల బయటికి తీసి గొట్టం పక్కన, గీత మూతికి ఆనేలా పెట్టండి. పుల్ల కొస వెనక నిప్పు రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అది మందూ గుండూ కావచ్చు, కందిరీగ గూడు కావచ్చు. తేలేదాకా మందే అనుకోవాలి. ఇనుప ఊచతో పొడవకండి, వేడి చూపకండి, డ్రిల్ పెట్టకండి. లైసెన్సున్న గన్‌స్మిత్‌కు చూపించండి.

నగరి_కొండ
హైదరలీ తుపాకి అంటే నవ్వొస్తాది సామీ. ఆయన 1782 డిసెంబరు 7న చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో పోయినాడు. ఆ ఒక్క మాట పట్టుకోని ఈ చుట్టుపక్కల పొడుగ్గొట్టం కనపడితే చాలు హైదరలీ పేరు పెట్టేస్తారు.

తాళం చూడప్పా. చెకుముకి రాయి పట్టే కొక్కెం, పక్కన మందు పెట్టే గిన్నె ఉండాయా? లేకపోతే కొడితే నిప్పు పుట్టే రాగి టోపీ పెట్టే ముక్కు, దాని మీద కొట్టే సుత్తి ఉండాయా? టోపీ తాళం సైన్యాల్లోకి వచ్చింది 1830ల చివర్లో, 1840ల్లో. టోపీ తాళమైతే 1782 నాటిది కాదు. చెకుముకి తాళాన్ని తరవాత టోపీకి మార్చినదైనా కావచ్చు. అట్లా మార్చినట్టయితే తాళం పలక మీద గిన్నె, దాని స్ప్రింగు ఉన్న చోట మరలు పోయిన రంధ్రాలు పూడ్చిన జాడ గుండ్రంగా, వేరే రంగులో కనపడతాది. టార్చి అడ్డంగా పట్టి చూడు.

తాళం పలక మీద లేచి నిలబడిన సింహం ఉంటే ఈస్టిండియా కంపెనీ సరుకు, 1808 తరవాతది. అంతకుముందువైతే గుండె ఆకారంలో కంపెనీ మూట గుర్తు ఉంటాది.

కట్టమంచి_కిరణ్
పుల్లతో కొలిచాను, రంధ్రం దాకా వెళ్లింది. టోపీ తాళమే. పలక మీద రెండు చోట్ల పూడ్చిన గుండ్రాలు ఉన్నాయి, గొట్టం పక్కన ఒక ముక్క అతికించినట్టు ఉంది. సింహం గానీ గుండె గానీ లేదు.

నగరి_కొండ
అయితే చెకుముకి నుంచి మార్చినదే. కంపెనీ గుర్తు లేదు గాబట్టి పట్టీలో "చెకుముకి నుంచి టోపీకి మార్చినది, తయారీ తెలియదు" అని రాసుకో. హైదరలీ పేరు మాత్రం ఊరి మాటగానే రాయి.

చంద్రగిరి_రాజమహల్
మార్టినీ దగ్గర ఆగాలి. వీఆర్ అంటే విక్టోరియా. ఆమె చనిపోయింది 1901 జనవరిలో. 1903లో ప్రభుత్వ కర్మాగారంలో ఎవరూ వీఆర్ ముద్ర కొట్టరు, ఆ తరవాతి రాజు ఎడ్వర్డ్ పేరుతో ఈఆర్ కొడతారు. ఈ ఒక్కటి చాలు, అది సరిహద్దు కొండల్లో చేత్తో చేసిన నకలు అని తొంభై పాళ్లు చెప్పొచ్చు. ఖైబర్ నకలు అంటారు వాటిని. మిగతా పది పాళ్లకు ఇవి చూడండి:

ఎన్ అక్షరం తిరగబడి ఉందా? ఆ పనివాళ్లకు ఇంగ్లీషు రాదు, బొమ్మలా చూసి చెక్కేవాళ్లు. ఎన్‌ఫీల్డ్ (ఇంగ్లండులోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారం) అనే మాటలో అక్షరం తప్పిందా? అసలు ముద్ర ఒక్క దెబ్బకు దిగుతుంది కాబట్టి అంచులు పదునుగా, లోతు సమానంగా ఉంటుంది. నకలు మీద ఉలితో చిన్న చిన్న గాట్లు కలిపి గీత చేసినట్టు కనిపిస్తుంది. భూతద్దం, పక్క నుంచి వెలుతురు ఉంటే ఇది కంటికే తెలుస్తుంది.

నకలైతే విలువ పోయిందని అనుకోకండి, దానికీ సేకర్తలున్నారు. అయితే ఏ గుండూ పెట్టి కాల్చే ఆలోచన మాత్రం వద్దు. ఆ ఉక్కు ఏమిటో, ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

కట్టమంచి_కిరణ్
ఎన్ తిరగబడే ఉంది! రెండు చోట్ల.

చంద్రగిరి_రాజమహల్
ఇక సందేహం లేదు.

ఆర్మరర్_ఏడో_తరగతి
.303 సంగతి. జీఆర్ఐ అంటే జార్జ్ రెక్స్ ఇంపెరేటర్. ఇండియాలో చేసిన వాటి మీద ఆ ఐ ఉంటుంది, ఇంగ్లండువాటి మీద జీఆర్ మాత్రమే. కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు ఇది. స్వాతంత్ర్యం తరవాతి వాటి మీద కిరీటం పోయి అశోక స్తంభం సింహాలు, ఆర్ఎఫ్ఐ వస్తాయి. మార్క్ 3 1907లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో పని తగ్గించడానికి మ్యాగజైన్ కటాఫ్ పలక, ఎడమ పక్కన దూరపు సైటు తీసేస్తే అది మార్క్ 3 స్టార్ అయింది.

తెల్లపట్టీ మాట వినగానే చూడాల్సింది డీపీ ముద్ర. డ్రిల్ పర్పస్. రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు ఒడి), బోల్ట్ హ్యాండిల్, గొట్టం, కట్టె, ఎక్కడైనా ఉండొచ్చు. డీపీ అంటే కాల్చడానికి పనికిరాదని సైన్యమే తేల్చినది. గొట్టానికి రంధ్రం వేసి ఉండొచ్చు, ఫైరింగ్ పిన్ కోసేసి ఉండొచ్చు, ఏమీ చేయకుండా ముద్ర మాత్రమే కొట్టి ఉండొచ్చు. చివరి రకమే ప్రమాదం.

ఈవై అని ఉంటే గ్రెనేడ్ విసరడానికి దింపినది, దానికి కట్టె చుట్టూ రాగి తీగ చుట్టి టంకం పెట్టి ఉంటుంది. మ్యాగజైన్‌కు ముందు కట్టెలోంచి అడ్డంగా దూరిన మర ఉందా? దాన్ని ఇషాపూర్ మర అంటారు, కట్టె చీలకుండా వేసింది. అది తప్పు కాదు, తీయకండి.

నంబరు ఐదు చోట్ల రాసుకోండి: రిసీవర్ ముందు రింగు, గొట్టం, బోల్ట్ హ్యాండిల్ వెనక, వెనక సైటు ఆకు కింద, మూతి దగ్గరి నోస్‌క్యాప్. ఐదూ కలిస్తే జత చెదరని రైఫిల్. ముఖ్యంగా బోల్ట్ నంబరు లైసెన్సులో ఉన్న నంబరుతో కలవకపోతే ఇప్పుడే లైసెన్సు విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి, రెన్యూవల్ రోజు కాదు.

పీలేరు_శీను
డీపీ అయితే బొమ్మ లెక్కే కదన్నా, లైసెన్సు దేనికి? పైగా ఎనభై ఏండ్ల పాతది.

గన్‌కొట్టు_తిరుపతి
శీనూ, ఈ మాట నమ్మి చాలామంది ఇరుక్కుంటున్నారు, కాబట్టి పూర్తిగా రాస్తాను.

ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 45(సి)లో మినహాయింపు ఉంది. పాత నమూనా, పురాతన విలువ, పాడైపోయినది అనే మాటలన్నీ ఉన్నాయి. కానీ అసలు షరతు చివర ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకిగా వాడటానికి వీలుకానిది అయి ఉండాలి. "మరమ్మతు చేసినా" అన్న మాట దగ్గరే అంతా తేలుతుంది. పిన్ లేని రైఫిల్‌కు పిన్ పెడితే పేలుతుంది కదా, కాబట్టి మినహాయింపు రాదు. వయసు లెక్కలోకే రాదు. 1916 రైఫిల్ అయినా పేలగలిగితే తుపాకే.

అందులోనూ .303 సైనిక గుండు పట్టే బోల్ట్ రైఫిల్ మామూలు రకం కాదు, నిషిద్ధ బోర్ (బోర్ అంటే గొట్టం సైజు) కింద వస్తుంది. 7.62 సైనిక గుండు పట్టేదీ, పోలీసుల పాత .410 మస్కెట్టూ అంతే. లైసెన్సు లేకుండా నిషిద్ధ ఆయుధం పెట్టుకుంటే 2019 సవరణ తరవాత శిక్ష 7 నుంచి 14 ఏళ్లు. అదే సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనే. కిరణ్ గారి పట్టీలో తుపాకులు మూడు ఉన్నాయి, ఏవి ఎవరి లైసెన్సులో ఉన్నాయో ముందు కాగితాలు తీసి చూసుకోవాలి.

విడిభాగాలకూ ఇదే. చట్టం దృష్టిలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. 45(డి)లో మినహాయించింది చిన్న భాగాలను, అదీ మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడు. నూనె సీసా, పుల్‌త్రూ (గొట్టం తుడిచే, బరువు కట్టిన తాడు), గుండ్లు పెట్టే ఐదు గుండ్ల క్లిప్పు, బట్ ప్లేటు, బెల్టు లాంటివి సేకరించేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. బోల్టు, గొట్టం, రిసీవర్ ఆన్‌లైన్లో కొనడం మాత్రం మెడకు తగులుకుంటుంది.

ఇంకోటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత చిత్తూరు కలెక్టరేట్ ఇచ్చిన లైసెన్సు ఉండి, చిరునామా ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చినవాళ్లు రికార్డు ఏ కలెక్టరేట్లో ఉందో కనుక్కొని పెట్టుకోండి.

కట్టమంచి_కిరణ్
మూడు తుపాకులు ఇద్దరి పేర్ల మీద ఉన్నాయి, ఒక్కొక్కరికి రెండు మించలేదు. .303 మీద డీపీ ఉంది, గొట్టానికి చాంబర్ (గుండు కూర్చునే చోటు) దగ్గర రంధ్రం కూడా ఉంది. ఇక తుప్పు చెప్పండి.

ఆర్మరర్_ఏడో_తరగతి
తుప్పు రెండు రకాలు. గోరు తగిలితే రాలే ఎర్రది పోవాలి. గట్టిగా అంటుకొని నల్లగా, గోధుమ రంగులో ఉన్నది ఆ లోహం మీద పాత చర్మం, అది ఉండాలి.

పలచటి మినరల్ నూనె, కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, నెలల్లో జిగురుగా మారి దుమ్ము పడుతుంది, పులిసి ఆమ్లమవుతుంది. తుప్పు మీద నూనె రాసి ఒక రోజు నానబెట్టండి. మరుసటి రోజు 0000 నంబరు స్టీల్ ఊల్‌ను (అతి సన్నటి ఉక్కు పీచు) చిటికెడు తీసుకొని, అదే నూనెలో తడిపి, అగ్గిపెట్టంత జాగాలో నాలుగైదు రుద్దులు, ఆ వెంటనే తెల్లగుడ్డతో తుడుపు. గుడ్డకు ఎరుపు వస్తున్నంతసేపు రుద్దాలి. ఎరుపు పోయి బూడిదరంగు రావడం మొదలైతే చేయి ఆపేయాలి, ఆ బూడిద ఉక్కు పొడి. ముద్రల మీద స్టీల్ ఊల్ అసలు వద్దు. అక్కడ వెదురు పుల్లను చెక్కి, నూనెలో ముంచి, గీత గీతకూ తీయాలి. ఒక ముద్రకు అరగంట పట్టినా పట్టనీ.

ఇసుక కాగితం, బఫ్ చక్రం, తుప్పు తీసే ఆమ్లం, వీటిలో ఏది పట్టినా కర్మాగారంలో తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ల ముద్రలు ముందు పోతాయి. అవి చిన్నవి, లోతు తక్కువ.

మదనపల్లె_మిట్ట
నేను చెప్పేది వేరే. విప్పకుండా తుడిస్తే సగం పనే. ఎస్‌ఎమ్‌ఎల్‌ఈలో, అంటే ఈ .303 రకం రైఫిల్‌లో, గొట్టమంతా కట్టెలో దాగి ఉంటుంది, చెమ్మ చేరేది ఆ లోపలే. గొట్టం అడుగు తినేసి ఉన్నా బయటికి తెలియదు.

ఆర్మరర్_ఏడో_తరగతి
నిజమే, కానీ కొత్తవాళ్ల చేతిలో ముందు కట్టె చీలేది అక్కడే. విప్పేటట్టయితే వరస తప్పకూడదు.

మ్యాగజైన్ తీయండి. బోల్ట్ వెనక్కి లాగి బోల్ట్ తలను పైకి ఎత్తితే టక్కుమని విడుతుంది, బోల్ట్ వచ్చేస్తుంది. నోస్‌క్యాప్ అడ్డమర, దాని వెనక మర తీసి క్యాప్‌ను ముందుకు జారనివ్వండి. పక్కకు ఊపకండి, కట్టె కొన పెచ్చు లేస్తుంది. మధ్య పట్టీ విప్పాక పై కట్టెలు రెండూ వస్తాయి. వెనకది గొట్టానికి స్ప్రింగ్ చెవులతో పట్టుకొని ఉంటుంది, దాన్ని మెల్లగా పైకి. కట్టె అడుగున లోపలి పట్టీ మర, దాని కింద చిన్న స్ప్రింగు, వాషరు ఉంటాయి. కింద తెల్లగుడ్డ పరుచుకోకపోతే ఈ స్ప్రింగు దొరకదు. తరవాత ట్రిగర్ గార్డు వెనక మర, ముందు మర. ముందు మర రంధ్రంలో చిన్న ఉక్కు గొట్టం ఉంటుంది. దాన్ని పారేసి మర బిగిస్తే కట్టె నలిగిపోతుంది. అప్పుడు ముందు కట్టెను రెండు చేతులతో సమంగా కిందికి.

ఇక అసలు మాట: ముందు కట్టె తీయకుండా వెనక బట్ మరను తిప్పకండి. ఆ పెద్దమర కొన చదరంగా ఉండి ముందు కట్టె వెనక చివర ఉన్న పలకలో కూర్చుంటుంది. ముందు కట్టె ఉండగా తిప్పితే చదరం తిరిగి కట్టెను లోపల్నించే చీల్చేస్తుంది. బట్ ప్లేటు మూత తీయగానే కనిపించే తోలు ముక్కను కూడా ముందు బయటికి తీయాలి. అది చూడకుండా పొడుగు స్క్రూడ్రైవర్ గుచ్చితే జారి బట్ లోపల గీసుకుపోతుంది.

మరల గాడికి సరిగ్గా సరిపోయే మూతి ఉండాలి, ఇంట్లో ఉండే కోసు మూతి డ్రైవర్ గాడిని తినేస్తుంది. నోస్‌క్యాప్ మర కదలకపోతే నూనె వేసి రెండు రోజులు ఆగండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, గొట్టం అడుగున మైనం పట్టించకపోయినా ఫర్వాలేదు.

మదనపల్లె_మిట్ట
ఆ చివరి మాటకు ఒప్పుకోను గానీ, మిగతాదంతా సరిగ్గా ఉంది.

పీలేరు_శీను
గొట్టంలో వేన్నీళ్లు పోయాలంటారు కదా?

ఆర్మరర్_ఏడో_తరగతి
అది కాల్చిన తుపాకికి. పాత గుండ్ల అడుగున ఉండే టోపీల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక అది ఉప్పుగా గొట్టంలో మిగులుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే సైన్యంలో గరాటుతో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, తరవాతే నూనె పట్టించేవాళ్లు. దశాబ్దాలుగా కాల్చని డీపీకి నీళ్లు దేనికి?

దానికి పొడి గుడ్డ, తరవాత నూనె గుడ్డ చాలు. గుడ్డ 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. పుల్‌త్రూ బరువును చాంబర్ వైపు నుంచి వేసి, మూతి నుంచి తిన్నగా ఒక్క ఊపున లాగాలి. పక్కకు లాగితే తాడు మూతి అంచును ఒరుసుకొని, ఏళ్ల తరబడి గాడి పడి, గుండ్రటి మూతి కోడిగుడ్డు ఆకారం అవుతుంది. పాత సైనిక రైఫిళ్లలో తుప్పు కంటే ఇదే ఎక్కువ కనిపిస్తుంది. గొట్టంలో ఐదు గాళ్లు ఎడమకు తిరిగి ఉంటాయి, మూతి దగ్గర అవి అన్ని వైపులా ఒకేలా కనిపిస్తున్నాయో లేదో చూడండి.

చంద్రగిరి_రాజమహల్
బాయ్‌నెట్ మీద 1907 అంటే తయారైన ఏడాది కాదు, నమూనా పేరు. తయారీ తేదీ దాని కింద చిన్నగా ఉంటుంది, 8 '16 అంటే 1916 ఆగస్టు. రెండో పక్క బాణం గుర్తు, వంచి చూసి పాసైనట్టు ఎక్స్ గుర్తు ఉంటాయి. బ్లేడు 17 అంగుళాలు ఉంటే పూర్తిది. 12 అంగుళాలు ఉంటే విరిగిందనుకోకండి, రెండో యుద్ధంలో ఇండియాలో కురచ చేసినవి, కొత్తగా కురచగా చేసినవీ ఉన్నాయి. పిడి చివర రంధ్రం లేకపోతే 1916కు ముందుదై ఉండొచ్చు, మట్టి తోసేయడానికి ఆ రంధ్రం అప్పుడే మొదలైంది.

ఒరలో ఉంచి దాచకండి. తోలు పదును చేయడానికి వాడిన ఆమ్లం, చెమ్మ కలిసి బ్లేడును తింటాయి. బ్లేడు వేరు, ఒర వేరు, పక్కపక్కన. ఒర ఇనుప మూతికి, తోలు అంచుకు మధ్య మైల ఉంటే పుల్లతో గీకి తుడవండి. ఇత్తడి సీసాకు కూడా అంతే, గుడ్డతో తుడిచి వదిలేయండి. చింతపండుతో, విభూదితో తోమితే రాగి రంగు తేలి, ఇషాపూర్ ముద్ర అరిగిపోతుంది. బాయ్‌నెట్‌ను కూడా ఆయుధాల జాబితాలో పేరుపెట్టి రాశారు, నోటిఫై చేసిన చోట దానికీ లైసెన్సు కావాలి. బస్సులో సంచిలో పెట్టుకొని తిరగకండి.

గన్‌కొట్టు_తిరుపతి
కట్టెకు వార్నిష్ వద్దు. పచ్చి అవిసె నూనె, పెయింట్ కొట్లో రా లిన్‌సీడ్ అంటే ఇస్తారు. డబుల్ బాయిల్డ్ వద్దు, పైన పొరలా కడుతుంది. అరచేతిలో పది చుక్కలు, వేడెక్కేదాకా రుద్ది, అరగంట ఆగి మిగిలింది తుడిచేయాలి. వారానికి ఒకసారి, మూడు సార్లు చాలు. ఆ గుడ్డలను ముద్దగా చెత్తబుట్టలో వేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతటదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. కట్టెలో పిండి రాలే రంధ్రాలుంటే పురుగుంది, మిగతావాటి పక్కన పెట్టకండి.

నగరి_కొండ
ఆయుధపూజ మాట మర్చిపోయినారు అందరూ. ఎక్కువ పాడుచేసేది ఆ ఒక్క పొద్దే. తడి గంధం, కుంకుమ, మీద నిమ్మకాయ పిండినారంటే రసం ముద్రలోకి దిగతాది. నిమ్మ ఆమ్లం, గంధంలో నీళ్లు, రెండూ ఉక్కు మీద రాత్రంతా నిలబడతాయి. ఆ దినాల్లోనే ఈశాన్య రుతుపవనం మొదలవతాది, ఇల్లంతా చెమ్మ. బొట్టు పెట్టిన చోట గుండ్రంగా గుంట పడిన గొట్టాలు ఎన్ని ఉండాయో.

పూజ మానమని కాదు. ముందురోజు లోహానికంతా మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాసి మెరిసేదాకా తుడవాల. బొట్టు కట్టె మీద పెట్టించు, ఉక్కు మీద వద్దు. ఉక్కు మీదే పెట్టాలంటే పొడి పసుపు, పొడి కుంకుమ. నిమ్మకాయ కింద పెట్టి, తుపాకి మీద కాదు. హారతి అయిన గంటకే తుడిచి, మళ్లీ మైనం.

కట్టమంచి_కిరణ్
బీరువాలో సిలికా జెల్ పెడితే చాలా? ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు, అప్పుడు ఏం చేయాలి?

గన్‌కొట్టు_తిరుపతి
సిలికా జెల్ రంగు మారేది కొనండి. నీలం రంగు గులాబీ అయితే నిండిపోయినట్టు, ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది. పక్కన తేమ కొలిచే చిన్న మీటరు పెట్టండి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నవంబరు వానల్లో మన దగ్గర అది 80 దాటుతుంది, కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పదిహేను రోజులకోసారి తలుపు తీసి చూడాలి. మే ఎండల్లో కథ తిరగబడుతుంది, కట్టె ఎండి మరలు వదులవుతాయి. బిగించకండి, వానాకాలానికి మళ్లీ ఉబ్బుతుంది.

డిపాజిట్‌కు ముందు మైనం, గొట్టంలో నూనె గుడ్డ. ఉన్ని గుడ్డ, ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టుకుంటాయి. మందపాటి నూలు గుడ్డ చుట్టి పైన చీటీ కట్టండి. రసీదులో మోడల్ పేరు ఒక్కటే రాస్తే ఒప్పుకోకండి, బోల్ట్ నంబరు, రిసీవర్ నంబరు రెండూ రాయించండి. ఒకే రకం రైఫిళ్లు పక్కపక్కన పెట్టి తుడిచినప్పుడు బోల్టులు మారిపోతాయి. ఐదు చోట్ల నంబర్ల ఫోటోలు, తేదీతో, ఫోన్లో కాకుండా కాగితం మీద అచ్చు తీసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి.

కట్టమంచి_కిరణ్
నోస్‌క్యాప్ మరకు నూనె వేశాను, గురువారం చూస్తాను. వెనక సైటు ఆకు కింద నంబరు చివరి అంకె 3నా 8నా తెలియడం లేదు.

ఆర్మరర్_ఏడో_తరగతి
కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్ అడ్డంగా రుద్దండి. 8 అయితే ఎడమ పక్క గీత వస్తుంది.